మూడోసారి కడిగావా?

మా పలాసలో ఎవరికి జ్వరం వచ్చినా అది టైఫాయిడే అవుతుంది. మిగతా జ్వరాలు ఊరి పొలిమేర దాకా వచ్చి, ఇక్కడ మనకు మర్యాద లేదని వెనక్కి పోతాయి కాబోలు. పల్లెల్లో సూదులు వేసే రామూర్తిగారు పొద్దున్నే ఫోన్ చేసి, "మేడమ్, ఒక కేసు పంపుతున్నాను. టైఫాయిడ్ వచ్చీలాగ సూడండి" అంటారు. ఉందో లేదో చూడమని కాదు, వచ్చేలా చూడమని. స్లైడు మీద చుక్క వేసి నాలుగుసార్లు ఊపితే రెండు రేణువులు కనిపిస్తాయి. ఈ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో చాలామందికి ఆ మాత్రం కనిపిస్తుంది. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకోవడం అది, ఇవాళ్టి జ్వరానికి రుజువు కాదని ఆయనకు పదకొండుసార్లు చెప్పాను. పన్నెండోసారి చెప్పబోతే "మీరు సదువుకున్నోలు మేడమ్" అని మెచ్చుకుని ఇంకో కేసు పంపారు.

నా పేరు మిరియం. కాశీబుగ్గ బస్టాండుకు దగ్గర్లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో సీరాలజీ చూస్తాను. రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చటి నీటిని సీరం అంటారు. ఒళ్లు తనకు పరాయిదని తోచిన ప్రతిదాని మీదా యాంటీబాడీలు తయారుచేసి ఆ నీటిలో ఉంచుతుంది. ఏ యాంటీబాడీ ఉందో వెతికి పట్టుకోవడం నా పని. ఒక్కో యాంటీబాడీకి ఒక్కటే పని తెలుసు, తనది కానిదాంట్లో వేలు పెట్టదు. ఆ ఒక్క విషయంలో అది మా ఓనరు బాబూరావుగారి కంటే చాలా నయం.

బాబూరావుగారు పన్నెండేళ్లు జీడిపప్పు వ్యాపారం చేసి, తర్వాత రక్తంలోకి దిగారు. పప్పును చూడగానే ఇది గుండు, ఇది బద్ద, ఇది ముక్క అని చెప్పగలిగిన మనిషికి రక్తం ఒక లెక్కా అని ఆయన ధైర్యం. ఆరు నెలల కిందట గుమ్మం మీద పెద్ద ఎర్రక్షరాలతో "ఏ పరీక్షయినా గంటలో రిపోర్టు" అని రాయించారు. కొన్ని పరీక్షలకు ముప్పావుగంట వెచ్చగా ఉంచడమే ఉంటుందండీ అని నేనంటే, "ఇంకో పావుగంట ఉంది కదమ్మా, మిగతాదంతా అందులో సేసీ" అన్నారు. ఆయన లెక్కల్లో ఎప్పుడూ తప్పు ఉండదు.

నేను పని నేర్చుకున్నది మిషన్ ఆస్పత్రిలో, గిద్యోను మాస్టారి దగ్గర. ఆయన అక్కడ ల్యాబ్ ఇన్‌చార్జి, ఆదివారాల్లో మా బాప్టిస్టు సంఘంలో డీకను, అంటే సంఘ పెద్ద. రెండుచోట్లా ఒకటే గొంతు. కూంబ్స్ పరీక్ష చేసేటప్పుడు మా వెనక నిలబడి పైకి లెక్కపెట్టేవారు. ఆ పరీక్షలో వెతికే యాంటీబాడీ ఎర్రకణాలకు అంటుకుంటుంది కానీ వాటిని గుంపుగా లాగే బలం దానికి లేదు, అందుకే కంటికి ఏమీ కనిపించదు. కూంబ్స్ సీరం చుక్క వేస్తే అది ఈ యాంటీబాడీలను పట్టుకుని ఒకదానికొకటి కలుపుతుంది, ట్యూబులో గడ్డలు కనిపిస్తాయి. అయితే ఆ చుక్క వేసేముందు కణాలను సెలైన్‌తో మూడుసార్లు కడగాలి. కడగకపోతే, కణాలకు అంటుకోకుండా ఊరికే తేలుతున్న యాంటీబాడీల మీదే ఆ సీరమంతా అయిపోతుంది. ట్యూబు చక్కగా, ఏ గొడవా లేకుండా, నెగటివ్ అని అబద్ధం చెబుతుంది.

"నెగటివ్ వచ్చిన ట్యూబు చేత సాక్ష్యం చెప్పించు" అనేవారు మాస్టారు. ముందే యాంటీబాడీ అంటించి పెట్టుకున్న కణాలు ఒక చుక్క అదే ట్యూబులో వేయాలి. అవి గడ్డకడితే కూంబ్స్ సీరం బతికే ఉన్నట్టు, నెగటివ్ నిజమన్నట్టు. గడ్డకట్టకపోతే ఆ పరీక్ష చెల్లదు, మొదటినుంచీ మళ్లీ చేయాలి. పుస్తకాల్లో వాటికి వేరే పేరుంది గానీ ఆయన మాత్రం సాక్షి కణాలు అనేవారు.

ఈ సంగతులన్నీ మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ నేనే చెబుతాను. చాలా బాగా చెబుతానని నాకు పేరు కూడా ఉంది.

మొన్న ఏప్రిల్లో ఒక గురువారం, పదకొండు కావస్తుండగా, జలంత్రకోట నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఏడో నెల కడుపుతో ఉన్నామె పేరు ప్రమోదిని. వెంట వచ్చింది అత్తగారు సింహాచలమ్మ. ఆమె వేళ్లు చూస్తే చాలు, జీడిపిక్కలు కొట్టే మనిషని తెలుస్తుంది. ఎంత నూనె రాసుకుని కూర్చున్నా పిక్కలోని సొన గోళ్ల చుట్టూ నల్లగా కొరికేస్తుంది. టెక్కలిలో డాక్టర్ ఇందుమతిగారు రాసిన చీటీ నా చేతికిచ్చారు. కూంబ్స్ పరీక్ష చేయించుకుని రిపోర్టుతో రమ్మని, నెగటివ్ అయితే ఇవాళే ఇంజెక్షన్ వేస్తానని, రెండింటిదాకా ఉంటానని డాక్టరు చెప్పారట.

"బేగి సెయ్యమ్మా, మల్లీ టెక్కలి ఎల్లాల" అంది సింహాచలమ్మ.

ప్రమోదిని ప్లాస్టిక్ కవరులోంచి పాత కాగితం ఒకటి తీసింది. "మూడో నెలలో కూడా ఈ పరీక్ష సేసినారు మేడమ్. సోంపేటలో రక్తం ఇచ్చినాను. ఏటీ లేదనీసి వచ్చినాది."

చూశాను. సోంపేటలో తీసిన శాంపిళ్లు మా ల్యాబ్‌కే వస్తాయి, థర్మకోల్ పెట్టెలో, బస్సు డ్రైవరు సీటు పక్కన కూర్చుని. రిపోర్టు మాదే. నెగటివ్ అన్న మాట కింద నా సంతకం ఉంది. సంతకం పొందికగా ఉందని కూడా అనుకున్నాను.

రక్తం తీసి, సీరం విడదీసి, దానిలో ఓ-పాజిటివ్ కణాలు కలిపి ట్యూబును వెచ్చగా ఇంక్యుబేటర్‌లో పెట్టాను. ముప్పావుగంట ఖాళీ. ఊరికే కూర్చోకుండా అడిగాను.

"ఎన్నో కాన్పు?"

"మూడోది" అంది ప్రమోదిని.

"ముందు ఇద్దరూ బాగున్నారా?"

ఆమె బదులు సింహాచలమ్మ అందుకుంది. "పెద్దోడు బాగున్నాడు, ఆరేల్లు. రెండోది ఆడగుంట. పుట్టిన పూటకే పసుపు పూసినట్టు పచ్చగా అయిపోనాది. మూడో రోజు పోనాది. దీని ఒంట్లోనే ఏదో దోసం ఉందమ్మా. మా ఇంట్లో ఎవలికీ అలగ అవలేదు."

కోడలు పక్కన ఉండగానే అంది. ప్రమోదిని తల వంచుకుని కవరు మడతలు సరిచేసుకుంటూ కూర్చుంది. ఆ మాట ఆమెకు కొత్త కాదని ఆ కూర్చోవడంలోనే తెలిసింది.

నాకు ఒళ్లు మండింది. "పెద్దవాడు పుట్టినప్పుడు, మూడు రోజుల్లోగా ఒక ఇంజెక్షన్ వేయించమని చీటీలో రాసి ఉంటారే. వేయించారా?"

"రాసినారు. గుంటడు బంగారంలాగ ఉన్నాడు, తల్లి బాగుంది, మరింక సూదెందుకనీసి నానే వొద్దన్నాను."

"మీరు డాక్టరా?"

"కాదు."

"పోనీ నర్సా?"

"అదేటమ్మా అలగ అడుగుతావు?"

అడగడమే కాదు, అరగంట సేపు పాఠం చెప్పాను. గిద్యోను మాస్టారి గొంతుతో, ఆయన ఓపిక మాత్రం లేకుండా. ప్రమోదినిది నెగటివ్ గ్రూపు, భర్తది పాజిటివ్. పెద్దవాడు తండ్రి గ్రూపుతో పుట్టాడు. కాన్పప్పుడు బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒంటికి ఆ కణాలు పరాయివి, వాటి మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. అప్పటికే బిడ్డ బయటికొచ్చేశాడు కనక వాడికేమీ కాలేదు. కానీ ఒళ్లు మర్చిపోదు. తర్వాతి బిడ్డ కూడా పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి కడుపులోని బిడ్డ ఎర్రకణాలను పట్టుకుంటాయి. ఆ కణాలు చితికిపోతాయి. బిడ్డకు రక్తం తగ్గిపోతుంది, పుట్టగానే పచ్చగా అయిపోతుంది. ఆ మొదటి ఇంజెక్షన్ వేసుంటే, ఒళ్లు గుర్తుపట్టేలోపే ఆ పరాయి కణాలు తుడిచిపెట్టుకుపోయేవి.

సింహాచలమ్మ తన వేళ్ల వంక చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "మా పనిలోకి కొత్తగా వచ్చినోలకి మొదటిసారి జీడిసొన తగిల్నా ఏటీ అవదమ్మా. ఓరోజు మల్లీ తగుల్తాది. అప్పుడు మొకం మొకమంతా పొంగిపోయి బొబ్బలెక్కీస్తాది. మొదటిసారి సూసుకున్నాదన్నమాట ఒల్లు. ఇదీ అలాటిదేనా?"

నేను పదిహేనేళ్లుగా కొత్తవాళ్లకు పాఠం చెబుతున్నాను, నాకు ఇంత సులువుగా చెప్పడం ఒక్కసారీ రాలేదు. ఒప్పుకోవడానికి కూడా కాస్త కష్టమైంది.

"అలాంటిదే" అన్నాను.

"అయితే నాను సూది వొద్దనీసినందుకేనా ఆ గుంట పోనాది?"

ఇక్కడ నేను కాస్త జాలి చూపించి ఉండవచ్చు. "మరేటి?" అన్నాను.

ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. ఇన్నాళ్లూ కోడల్ని అన్న మాటలన్నీ ఆ గోడ మీద కనిపిస్తున్నాయేమో. నేను న్యాయం చేశానన్న తృప్తితో లేచాను.

ప్రమోదిని అడిగింది. "ఈ పాప బతుకుతాదా మేడమ్?"

"నీ సీరంలో ఆ యాంటీబాడీ లేకపోతే భయం లేదు, ఇంజెక్షన్ వేస్తారు. ఉంటే ఇంజెక్షన్ పనికిరాదు, ఒళ్లు ఒకసారి నేర్చుకున్నాక ఆ సూది దాన్ని మరిపించలేదు. అప్పుడు విశాఖ వెళ్లాలి. పాపకు రక్తం తగ్గితే కడుపులో ఉండగానే ఎక్కిస్తారు. ముందే తెలియాలి, అంతే. తెలియకుండా ఉంటేనే ప్రమాదం."

"అయితే మీ పరీక్ష బట్టే ఉందన్నమాట."

"అవును" అన్నాను గర్వంగా.

ట్యూబు తీసేసరికి పన్నెండైంది. సోంపేట బస్సులో వచ్చిన పెట్టె విప్పకుండానే ఉంది, రామూర్తిగారి టైఫాయిడ్ కేసు ఇద్దరు మనుషుల మీద వాలి దగ్గుతోంది, బాబూరావుగారు అద్దాల తలుపు వెనకనుంచి తన వాచీ నాకు చూపిస్తున్నారు. నేను ట్యూబును కడిగాను. ఒకసారి. ఆరు నెలలుగా ఎలా కడుగుతున్నానో అలాగే.

అబద్ధమెందుకు, మొదట్లో పోట్లాడాను. మూడుసార్లు కడిగితే గంట దాటుతుందని, బోర్డు మార్చమని రెండు రోజులు పోట్లాడాను. సాక్షి కణాలు చేసుకోవడానికి పొద్దున్నే ఇంకో గంట కావాలన్నాను. "నెగటివ్ వచ్చిన ట్యూబుకి మల్లీ పరీక్షేటమ్మా? మన రిపోర్టుని మనమే నమ్మకపోతే ఎలగ?" అన్నారు బాబూరావుగారు. మూడో రోజున నేనూ మానేశాను. మానేసినందుకు బాధపడ్డానని చెప్పాలనుంది గానీ, నిజానికి హాయిగా అనిపించింది. అప్పటినుంచి మధ్యాహ్నం అన్నం వేడిగా తింటున్నాను.

కూంబ్స్ సీరం వేసి, తిప్పి, వెలుతురులో చూశాను. కణాలు పొగలా లేచి పరుచుకున్నాయి. ఒక్క గడ్డ లేదు. నెగటివ్.

"ఏమీ లేదమ్మా. రిపోర్టు రాసిచ్చేస్తాను, ఒంటిగంట బస్సు దొరుకుతుంది" అన్నాను.

సింహాచలమ్మ రెండు చేతులూ జోడించింది. ప్రమోదిని మాత్రం లేవలేదు.

"నా ఒంట్లో అది లేదా మేడమ్?"

"లేదు."

"మరి పాపెందుకు పోనాది?"

పెన్ను కాగితం మీద పెట్టి ఉన్నాను. నెగ అని రాసి, అక్కడే ఆగిపోయాను.

అరగంట నేను చెప్పిన పాఠమంతా నిజమైతే ఈ ట్యూబు నిజం కాదు. రెండో పాప అలా పచ్చబడి పోయిందంటే ఈమె ఒళ్లు నేర్చుకునే ఉండాలి. నేర్చుకున్న ఒళ్లు మూడో కాన్పులో ఏడో నెల వచ్చినా నోరు మూసుకుని కూర్చోదు. పది తరగతులు కూడా చదివిందో లేదో తెలియని పిల్ల ఒక్క ప్రశ్నలో పట్టేసిన సంగతి, డిప్లొమా గోడకు తగిలించుకున్న నాకు రెండు రిపోర్టుల తర్వాత కూడా తట్టలేదు.

"కూర్చోండి. ఈ ట్యూబు చేత ఇంకా సాక్ష్యం చెప్పించలేదు" అన్నాను.

ఇందుమతిగారికి ఫోన్ చేసి ఇంజెక్షన్ ఆపమని, నేను మళ్లీ చేసేదాకా ఆగమని చెప్పాను. తర్వాత ఆ గంటలో రిపోర్టు బోర్డు కిందే కూర్చుని, ఆరు నెలల తర్వాత మొదటిసారి సాక్షి కణాలు తయారుచేశాను. కణాలకు యాంటీబాడీ అంటించాలి, వెచ్చగా ఉంచాలి, కడగాలి. మూడుసార్లు కడిగాను. పక్కనే రెండో ట్యూబులో ప్రమోదిని సీరంతో అసలు పరీక్ష కూడా కొత్తగా మొదలుపెట్టాను.

సాక్షి కణాలు సిద్ధమవగానే మొదటి ట్యూబులాగే ఇంకొకటి చేసి, ఒక్కసారే కడిగి, కూంబ్స్ సీరం వేసి, ఆ పైన సాక్షిని వేశాను. గడ్డకట్టి తీరాల్సిన కణాలు. తిప్పి చూశాను. పొగలా లేచి పరుచుకున్నాయి. సాక్షి నోరు మెదపలేదు. అంటే ఆ ట్యూబులో కూంబ్స్ సీరం ఎప్పుడో చచ్చిపోయింది. ఇవాళ నేను రాయబోయిన నెగటివ్ చెల్లదు. మూడో నెలలో పొందికైన సంతకంతో నేనిచ్చిన నెగటివ్ కూడా చెల్లదు.

స్టూలు మీద కూర్చున్నాను. నాలుగు నెలలుగా ఆ పాప లోపల రక్తం పోగొట్టుకుంటూ ఉండి ఉంటుంది, నేను ఇక్కడ అన్నం వేడిగా తింటున్నాను.

రెండో ట్యూబును మూడుసార్లు కడిగాను. కూంబ్స్ సీరం వేశాను. తిప్పి పైకెత్తగానే గడ్డ కనిపించింది, భూతద్దం అక్కర్లేకుండా, అడుగున ఎర్రటి ముద్ద. ఎంత బలంగా ఉందో తెలుసుకోవడానికి ప్రమోదిని సీరాన్ని సగానికి పలచన చేశాను, మళ్లీ సగానికి, మళ్లీ. అరవైనాలుగో వంతుకు తగ్గించినా ఇంకా గడ్డకడుతూనే ఉంది. పదహారు దాటితేనే భయపడాలని మాస్టారు చెప్పేవారు.

అప్పటికి బాబూరావుగారు లోపలికి వచ్చారు. విషయం చెప్పాను. ఆయన కంగారుపడలేదు, అదీ ఆయన గొప్పతనం.

"దీనికి ఇంత ఇదేటమ్మా? పాజిటివ్ వచ్చినాది కదా, పాజిటివ్ అని రాసీ. పాతదాని ఊసెత్తకు. అప్పుడు లేదు, ఇప్పుడు కొత్తగా పుట్టినాది. యాంటీబాడీలు మద్దిలో కూడా పుడతాయని నువ్వే సెప్పినావు కదేటి."

చెప్పాను. నిజమే, పుడతాయి కూడా. అంత చక్కటి అబద్ధం నాకు సొంతంగా తట్టలేదని కాస్త అసూయ కలిగింది. అలా రాస్తే ప్రమోదిని విశాఖ వెళుతుంది, చేయాల్సినవన్నీ చేస్తారు, నా సంతకానికి మచ్చ రాదు, ప్రపంచంలో ఒక్కరికీ తెలియదు.

రిజిస్టరు తిప్పాను. ఆరు నెలల్లో నెగటివ్ గ్రూపు తల్లులు, కూంబ్స్ పరీక్షకు వచ్చినవాళ్లు, ప్రమోదిని కాక పదిహేడుమంది. అందరికీ నెగటివ్. అందరినీ ఒకసారే కడిగాను. ఈ ఒక్కదాన్ని కొత్తగా పుట్టిందని రాస్తే ఆ పదిహేడుమందినీ ఎవరూ మళ్లీ పిలవరు.

"పాతది తప్పని రాస్తాను" అన్నాను.

"మన పరువేటవుతాది?"

"అది ఇంకా ఉందా బాబూరావుగారూ?"

ఆయన విసురుగా బయటికి వెళ్లి కౌంటరు దగ్గర ఎవరితోనో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు, నాకు వినపడేలా.

ఇందుమతిగారికి మళ్లీ ఫోన్ చేశాను. అత్తాకోడళ్లు ఎదురుగానే కూర్చుని ఉన్నారు, పక్కకు వెళ్లి మాట్లాడదామనిపించింది, వెళ్లలేదు. అరవైనాలుగు అని చెప్పాను. "మూడో నెలలో నేనిచ్చిన నెగటివ్ తప్పండీ. సరిగ్గా కడగలేదు, సాక్ష్యం చెప్పించే కంట్రోలు పెట్టలేదు. అప్పటినుంచే ఉండి ఉంటుంది. తప్పు నాది" అన్నాను. ఆవిడ, "నాలుగు నెలలు పోయాయి మిరియం గారూ" అని మాత్రం అని, విశాఖకు ఇవాళే పంపుతాను, వాళ్లను టెక్కలి రమ్మనండి అన్నారు.

మా సంఘంలో ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. దేవుడు ఉద్యోగమిచ్చాడని, కిడ్నీ నొప్పి తగ్గించాడని. నేను ఒకసారే కడిగాను అని లేచి చెప్పినవాళ్లను ఇంతవరకూ చూడలేదు. నేనూ ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా చెప్పలేదు.

ఫోన్ పెట్టేసరికి సింహాచలమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వు కడగడం మానీసినావా?" అంది.

"మానేశాను."

"ఏల?"

"టైము లేదని."

"మరి నన్నెందుకు తిట్నావమ్మా?"

నేను ల్యాబ్‌లోంచి బయటికి వచ్చి, బస్సు ఆపి, అత్తాకోడళ్లను ఎక్కించాను. ఎక్కుతూ ప్రమోదిని చేత్తో కడుపు పట్టుకుని ఒకసారి వెనక్కి చూసింది. కోపంగా చూసిందో, నా మీద ఇంకా నమ్మకం పెట్టుకుని చూసిందో తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత బాబూరావుగారు నన్ను తీసేస్తానని మూడు రోజులు అన్నారు. నాలుగో రోజు సోంపేట పెట్టె వచ్చింది, విప్పడానికి ఇంకెవరూ లేరు. గుమ్మం మీద బోర్డు మాత్రం మారింది. ఇప్పుడు "త్వరలో రిపోర్టు" అని ఉంది. పదిహేడుమందిలో పదహారుమందిని వెతికి పట్టుకుని మళ్లీ చేశాను. వాళ్లందరికీ నిజంగానే నెగటివ్. ఒకామె దొరకలేదు. పుట్టింటివాళ్లు ఒడిశా వైపు పోయారన్నారు, ఇచ్చిన నంబరు మోగదు. ఆ నంబరు నా బల్లకు ఎదురుగా గోడమీద అంటించి ఉంది, రోజూ ఒకసారి చేస్తాను.

విశాఖలో ప్రమోదిని కడుపులోని పాపకు రెండుసార్లు రక్తం ఎక్కించారని ఇందుమతిగారు చెప్పారు. నెల ముందే కాన్పు చేశారు. పుట్టాక రక్తం మార్చారు. అక్కడ వారం రోజులు పాప ఉంటుందో పోతుందో తెలియలేదు. ఆ వారమంతా నేను ఫోన్ మోగితే ఎత్తేముందు రెండు క్షణాలు ఆగేదాన్ని.

జూలై చివర్లో, సన్నటి వానలో, సింహాచలమ్మ ల్యాబ్‌కు వచ్చింది. చంకలో పొత్తిగుడ్డలో చుట్టిన పాప. వెనక గొడుగు పట్టుకుని ప్రమోదిని. ఇందుమతిగారి చీటీలో రెండు పరీక్షలున్నాయి. ఒకటి పాపకు రక్తం ఎంత ఉందో. రెండోది మళ్లీ కూంబ్స్, తల్లి యాంటీబాడీలు పాప కణాలకు ఇంకా అంటుకుని ఉన్నాయేమో చూడమని.

టెక్కలిలో కూడా ల్యాబ్‌లున్నాయి. అక్కడికి ఎందుకు వెళ్లలేదని అడుగుదామనుకుని మానేశాను.

పాప మడమ దగ్గర సూది గుచ్చితే కెవ్వుమంది. ఆ గొంతు విని రామూర్తిగారి టైఫాయిడ్ కేసులు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. రక్తం పది గ్రాములు దాటింది. ఆ వయసుకు చాలు. ఇక రెండో పరీక్ష మొదలుపెట్టాను. నా బల్ల దగ్గరికి బయటివాళ్లు రాకూడదని తలుపు మీద రాసి ఉంది. సింహాచలమ్మకు చదువు రాదు. వచ్చినా ఆగేది కాదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

"కడుగు. నాను సూత్తాను."

ట్యూబులో సెలైన్ పోసి, తిప్పి, ఒంపాను.

"ఒకటి" అంది ఆమె.

గిద్యోను మాస్టారు పోయి ఎనిమిదేళ్లయింది. నా వెనక నిలబడి ఎవరైనా లెక్కపెట్టడం మళ్లీ ఇదే. మళ్లీ పోసి, తిప్పి, ఒంపాను.

"రెండు."

బాబూరావుగారు తలుపు తీసి, వాచీ చూపించబోయి, ఈమెను చూసి తలుపు వేసేసుకున్నారు. మళ్లీ పోశాను.

"మూడు. బాగా ఒంపు. సొన అడుగునే ఉండిపోతాది."

కూంబ్స్ సీరం వేసి, తిప్పి, వెలుతురుకు ఎత్తాను. కణాలు పొగలా లేచి పరుచుకున్నాయి. గడ్డ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆమెకు కనపడకుండా తుడుచుకున్నాను. "ఏమీ లేదమ్మా. నెగటివ్" అని పెన్ను తీశాను.

నల్లటి వేళ్లు వచ్చి నా చేతి మీద పడ్డాయి.

"ఆ సాచ్చెం ఏదో ఉందన్నావు కదేటి. అది సెప్పించు ముందు."

ఫ్రిజ్‌లోంచి ఆ పొద్దున చేసిన సాక్షి కణాలు తీసి ఒక చుక్క వేశాను. తిప్పాను. ఇద్దరం కలిసి ట్యూబును కిటికీ వైపు ఎత్తి చూశాం. అడుగున ఎర్రగా, గట్టిగా గడ్డకట్టింది.

సింహాచలమ్మ ఆ గడ్డను కాసేపు చూసి, నా చెయ్యి వదిలింది.

"ఇప్పుడు రాయి" అంది.